వరసగా ఐదో కట్ పోయింది: గోల్ఫ్ టూర్ మీద తిరిగేవాళ్లు, తిరిగి మానేసినవాళ్లు కాస్త మాట్లాడండి

ఒక్కషాట్:
నిన్న సాయంత్రం చివరి గ్రీన్ మీద నాకు ఎనిమిది అడుగుల పుట్, అంటే బంతిని కప్పులోకి దొర్లించే దెబ్బ, మిగిలింది. అది పడితే శని, ఆదివారాలు ఆడతాను, పడకపోతే కట్ పోయినట్టే, అంటే రెండు రౌండ్లకే పోటీ నుంచి బయటికి, బ్యాగు సర్దుకోవాలి. లైన్ సరిగ్గానే చూశాను, బంతి కూడా నేను అనుకున్న చోటి నుంచే బయల్దేరింది, ఆఖరి అడుగులో వేగం తగ్గి కప్పు అంచును రాసుకుంటూ పక్కకు పోయింది. వరసగా ఐదో వారం ఇది. ఐదింటిలో మూడుసార్లు ఒక్క షాట్ తేడా.

నేను ప్రొఫెషనల్ అయి ఏడేళ్లు. పెద్ద టూర్ కాదు, దాని కింది మెట్టు, ఆ కింది మెట్టు, ఇన్నాళ్లూ ఈ రెండింటి మధ్యే. ఒకసారి గెలిచాను కూడా. క్యూ స్కూల్, అంటే పెద్ద టూర్‌లోకి వెళ్లడానికి ఆడే అర్హత పోటీ, దాని చివరి దశకు రెండుసార్లు వెళ్లి రెండుసార్లూ గుమ్మం దగ్గరే ఆగిపోయాను. ఇప్పుడు నాకు 32. పాపకు మూడేళ్లు. పోయిన నెల ఇంటికి వెళ్తే మొదటి పది నిమిషాలు నా దగ్గరకు రాలేదు, వాళ్లమ్మ వెనక నిలబడి చూసింది.

జాలి కోసం రాయడం లేదు. నా ఆట చచ్చిపోయిందా, లేక ఇంకా ఉందా అనేది లోపల ఉన్నవాడికి ఎలా తెలుస్తుంది? మీలో ఈ జీవితం చూసినవాళ్లు ఏ రోజు, ఏం చూసి నిర్ణయం తీసుకున్నారు? అదొక్కటే అడుగుతున్నాను.

బ్యాగ్‌మోసినవాడు:
తమ్ముడూ, నేను 19 ఏళ్లు క్యాడీగా చేశాను, ఆరుగురు ప్లేయర్ల బ్యాగులు మోశాను, మోకాలు పాడై మూడేళ్ల క్రితం మానేశాను. ముందు ఆ ఎనిమిది అడుగుల పుట్ సంగతి చెప్తాను. ప్రపంచంలో అందరికంటే బాగా ఆడే పీజీఏ టూర్ వాళ్లు కూడా ఎనిమిది అడుగుల నుంచి దాదాపు సగమే వేస్తారు. సగం! టీవీలో ఆదివారం సాయంత్రం గెలుస్తున్నవాడి పుట్‌లే చూపిస్తారు కాబట్టి అవన్నీ పడతాయని మనకు అలవాటైపోయింది. నువ్వు నిన్న పోగొట్టుకున్నది నాణెం ఎగరేస్తే బొమ్మ పడాల్సిన చోట బొరుసు పడినట్టు, అంతే. దాన్ని పట్టుకుని నా ఆట చచ్చిపోయిందా అని అడగకు. మొదటి రోజు ఆరో హోల్‌లో ఏం చేశావో అది అడుగు. కట్ పోయేది చివరి పుట్‌లో కాదు, గురువారం పొద్దున ఎవరికీ గుర్తుండని ఏదో ఒక చోట, అనవసరంగా పిన్ (జెండా కర్ర) వైపు కొట్టి షార్ట్ సైడ్ అయిన, అంటే జెండాకు దగ్గరున్న అంచు బయట బంతి ఇరుక్కున్న, చోట పోతుంది. నా ప్లేయర్లతో శుక్రవారం రాత్రి నేను చేసిన మొదటి పని అదే, 36 హోల్స్, అంటే రెండు రౌండ్ల, స్కోరు కార్డు ముందు పెట్టుకుని ఇచ్చేసిన షాట్లు ఏవి, దురదృష్టం ఏది అని విడదీయడం. చాలాసార్లు ఇచ్చేసినవి నాలుగైదు తేలేవి.

ఇంకో మాట. నీకు ఏ వేవ్, అంటే ఏ పూట ఆట మొదలుపెట్టే గుంపు, పడింది? గురువారం మధ్యాహ్నం, శుక్రవారం పొద్దున పడిందా, లేక అటుదా? గాలి ఒక సగానికే తగిలిన వారాల్లో ఒక్క షాట్ తేడా అంటే అది నీ ఆట గురించి ఏమీ చెప్పదు.

లెక్కలకాగితం:
టూర్ ఆడలేదు కానీ ఇద్దరు ప్లేయర్లకు ఖర్చుల లెక్కలు, పన్నుల పని ఏళ్ల తరబడి చూశాను, ఆ వైపు నుంచి చెప్తాను. బయటివాళ్లకు అర్థం కానిది ఏమిటంటే గోల్ఫర్‌కు జీతం లేదు. ఫుట్‌బాల్, క్రికెట్ ఆటగాడు గాయమై కూర్చున్నా కాంట్రాక్టు ఉంటుంది. గోల్ఫర్ సొంత వ్యాపారి లాంటివాడు, విమానం, హోటల్, క్యాడీ, కోచ్, ఫిజియో, అన్నీ తన జేబులోంచే, అది కూడా బంతి కొట్టక ముందే. క్యాడీకి వారం జీతం ఎలాగూ ఇవ్వాలి, పైన వచ్చినదాంట్లో మామూలుగా కట్ దాటితే 5 శాతం, టాప్ 10 అయితే 7, గెలిస్తే 10.

పీజీఏ టూర్ మామూలు టోర్నీలో మొత్తం ప్రైజ్ మనీని 100 భాగాలు అనుకోండి. గెలిచినవాడికి 18 భాగాలు. రెండో స్థానానికి 10.9, మూడో స్థానానికి 6.9. కట్ దాటి 65వ స్థానంలో ముగించినవాడికి ఒక భాగంలో ఐదో వంతు కాస్త అటూ ఇటూ. కట్ పోయినవాడికి సున్నా. కట్ ఎక్కడ గీస్తారంటే 36 హోల్స్ తర్వాత 65వ స్థానం, దానితో సమానంగా ఉన్నవాళ్లు. మేజర్లలో, అంటే నాలుగు పెద్ద టోర్నీల్లో, ఒక్కోదానికి ఒక్కో లెక్క, మాస్టర్స్‌లో 50, యూఎస్ ఓపెన్‌లో 60, ఓపెన్ (బ్రిటిష్ ఓపెన్), పీజీఏ ఛాంపియన్‌షిప్‌లలో 70.

మొదటి స్థానానికీ 65వ స్థానానికీ ఆటలో తేడా నాలుగు రౌండ్లకు కలిపి పదిహేను షాట్లు ఉండొచ్చు. డబ్బులో తేడా సుమారు 80 రెట్లు. అది పెద్ద టూర్ మాట. కింది టూర్లలో మొత్తం ప్రైజ్ మనీ కుండే చిన్నది, కానీ విమానం టికెట్టు చిన్నది కాదు. నేను చూసిన ఇద్దరిలో ఒకాయన ఒక ఏడాది సీజన్‌లో సగానికి పైగా కట్‌లు దాటి కూడా చివరికి అప్పుతో ముగించాడు. ఒక్కషాట్ గారూ, మీ నిర్ణయంలో ఈ కాగితం కూడా టేబుల్ మీద ఉండాలి. ఇంకెన్ని నెలలు అప్పు లేకుండా ఆడగలరు?

శుక్రవారంఫోన్:
మా ఆయన పదకొండేళ్లు ఆడారు. నేను ఎప్పుడూ కోర్సు మీద లేను, ఇంట్లో ఉండి ఫోన్‌లో లైవ్ స్కోర్ చూస్తూ బతికాను. శుక్రవారం మధ్యాహ్నం నుంచి వంట చేస్తున్నా, పిల్లాడికి హోంవర్క్ చేయిస్తున్నా చెయ్యి ఫోన్ మీదకే పోయేది. స్కోరు పక్కన ఆ చిన్న అంకె మారితే కడుపులో తిప్పినట్టు అయ్యేది. కట్ దాటితే వెంటనే ఫోన్ మోగేది. పోతే మోగేది కాదు. రాత్రి ఎప్పుడో, పది దాటాక, "బయల్దేరుతున్నా" అని ఒక్క మెసేజ్. ఆ ఒక్క మాట చూసి ఎన్ని శుక్రవారాలు ఏడ్చానో ఆయనకు తెలియదు. ఆయన ఓడినందుకు కాదు అది. ఓడిన పూట నాతో మాట్లాడాలని ఆయనకు అనిపించనందుకు.

బాబూ ఒక్కషాట్, ఒకటి అడుగుతాను, నిన్న పుట్ పోయాక ఇంటికి ఫోన్ చేశావా?

ఒక్కషాట్:
చేయలేదు అక్కా. మెసేజ్ పెట్టాను. మీరు రాసింది చదివాక అరగంట ఏం చేయాలో తోచలేదు.

అన్నా, వేవ్ సంగతి అడిగారు కదా, గురువారం పొద్దున, శుక్రవారం మధ్యాహ్నం పడింది, గాలి బాగానే ఉంది. కానీ దాన్ని సాకుగా చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు. మీరన్నట్టు కార్డు తీసి కూర్చున్నాను. ఇచ్చేసిన షాట్లు ఆరు తేలాయి. అందులో నాలుగు 100 గజాల లోపల నుంచే. దూరం కొట్టే క్లబ్, డ్రైవర్ గురించి రెండు నెలలుగా కోచ్‌తో కొట్లాడుతున్నాను, అసలు రోగం దగ్గరి నుంచి కొట్టే వెడ్జ్‌లో ఉంది.

కొత్తబంతి:
నేను ఇంకా అమెచ్యూర్‌నే, 19 ఏళ్లు, వచ్చే ఏడాది ప్రొఫెషనల్ అవుదామనుకుంటున్నాను. ఇదంతా చదువుతుంటే టెన్షన్‌గా ఉంది కానీ నిజం చెప్పాలంటే ఆశ తగ్గడం లేదు. 2024 జనవరిలో నిక్ డన్‌లాప్ అమెచ్యూర్‌గానే అమెరికన్ ఎక్స్‌ప్రెస్ టోర్నీ గెలిచాడు కదా. ప్రైజ్ మనీ తీసుకునే అర్హత లేక ఆ 15.12 లక్షల డాలర్లు రెండో స్థానంలో ఉన్న క్రిస్టియాన్ బెజుడెన్‌హౌట్‌కు వెళ్లాయి. డబ్బు పోతే పోయింది, టూర్ కార్డు, అంటే టూర్‌లో ఆడే హక్కు, వచ్చింది. అలాంటివి జరుగుతాయి కదా? అర్జున్ అట్వాల్ కథ కూడా నాకు చాలా ఇష్టం.

బ్యాగ్‌మోసినవాడు:
జరుగుతాయి బాబూ. అట్వాల్ సంగతి నాకు బాగా గుర్తు, ఎందుకంటే ఆ వారం నేను వేరే చోట కట్ పోయిన ప్లేయర్‌తో ఎయిర్‌పోర్టులో కూర్చుని చూశాను. 2010, విండమ్ ఛాంపియన్‌షిప్. గాయం వల్ల వెనకబడి అంతకు కొన్ని వారాల ముందే ఆయన కార్డు పోయింది. సోమవారం క్వాలిఫయర్ ఆడాడు. ఆ క్వాలిఫయర్ అంటే ఏమిటో తెలియనివాళ్లకు: వందమందికి అటూ ఇటూ వచ్చి ఒక్క రౌండ్, 18 హోల్స్ ఆడతారు, మామూలుగా నాలుగే సీట్లు ఉంటాయి. 66 కొట్టి కూడా (ఈ ఆటలో షాట్లు ఎంత తక్కువైతే అంత మేలు) ఇంటికి పోయినవాళ్లను నేను చూశాను. అట్వాల్ సీటు తెచ్చుకుని, ఆదివారం నాటికి ట్రోఫీ ఎత్తాడు. సోమవారం క్వాలిఫయర్ నుంచి వచ్చి గెలవడం అప్పటికి 24 ఏళ్లలో అదే మొదటిసారి. తర్వాత 2019లో కోరీ కానర్స్ టెక్సస్ ఓపెన్‌లో అదే చేశాడు.

అందుకే ఈ ఆట మనిషిని వదలదు. మిగతా ఉద్యోగాల్లో సోమవారానికీ ఆదివారానికీ మధ్య జీవితం అంత మారిపోదు. నా ప్లేయర్ ఒకడు కింది టూర్‌లో గెలిచిన ఆదివారం ఇప్పటికీ చెప్పగలను, పద్దెనిమిదో హోల్ ఫెయిర్‌వే మీద నడుస్తుంటే వాడు నాతో ఒక్క మాట మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు, ఇద్దరి అడుగుల చప్పుడు, బ్యాగులో ఐరన్లు తగులుకునే చప్పుడు మాత్రం వినిపించింది. గ్రీన్ దగ్గరకు వచ్చాక "అన్నా, పటర్ ఇవ్వు" అన్నాడు, గొంతు వణికింది. ఆ నాలుగు నిమిషాల కోసం ఇంకో 19 ఏళ్లు బ్యాగు మోయమన్నా, మోకాలు ఒప్పుకుంటే మోస్తాను.

పాతఐరన్:
కొత్తబంతీ, ఆశ తగ్గించుకోమని చెప్పను, కానీ ఇంకో వైపు కూడా చూడు. నేను తొమ్మిదేళ్లు ఆడి 31కి మానేశాను, ఇప్పుడు పాఠాలు చెప్తున్నాను. గెలిచినవాళ్ల కథలు మనకు నోటికి వస్తాయి, ఎందుకంటే గెలిచారు కాబట్టి. అదే సోమవారం క్వాలిఫయర్‌లో అట్వాల్‌తో ఆడి సీటు రానివాళ్ల పేర్లు ఎవరైనా చెప్పగలరా?

గెలిచినవాళ్లను కూడా ఈ ఆట వదిలిపెట్టదు. ఇయాన్ బేకర్ ఫించ్ 1991లో ఓపెన్ గెలిచాడు. ఆరేళ్ల తర్వాత అదే ఓపెన్‌లో, రాయల్ ట్రూన్‌లో, మొదటి రౌండ్ 92 కొట్టి తప్పుకున్నాడు. ఓపెన్ ఛాంపియన్, 92! గాయం కాదు, వయసు కాదు, ప్రాక్టీసు రేంజ్‌లో బాగా కొట్టిన మనిషి మొదటి టీ (హోల్‌లో మొదటి దెబ్బ కొట్టే చోటు) మీదకు వచ్చేసరికి చేతులు మాట వినలేదు. డేవిడ్ డువాల్ 1999లో ప్రపంచ నంబర్ వన్, 2001లో ఓపెన్ గెలిచాడు, ఆ తర్వాత పీజీఏ టూర్‌లో మళ్లీ గెలవలేదు. అయితే డువాల్ విషయంలో ఒకటుంది, 2009 యూఎస్ ఓపెన్‌కు ప్రపంచ ర్యాంకుల్లో 882వ స్థానంలో ఉండి వచ్చి రెండో స్థానం పంచుకున్నాడు. ఆట మనిషిలోంచి పూర్తిగా పోదు అనడానికి నేను దాన్నే తలచుకుంటాను. పోదు, కానీ మనం పిలిచినప్పుడల్లా రాదు.

నేను ఎప్పుడు నిర్ణయం తీసుకున్నానో చెప్తాను, ఒక్కషాట్ అడిగాడు కాబట్టి. ఒక గురువారం వర్షానికి ఆట ఆగింది. సైరన్ మోగగానే నాకు హాయిగా అనిపించింది, ఇవాళ్టికి ఆడక్కర్లేదు అని. ఆ హాయి చూసి నాకే భయం వేసింది. అంతకు ముందు వర్షం వస్తే కాలు కాలిన పిల్లిలా లాకర్ రూమ్‌లో తిరిగేవాణ్ని. ఆ సీజన్ పూర్తి చేసి మానేశాను. కట్‌లు పోయినందుకు కాదు, ఆ ఏడాది నిజానికి నా స్కోర్లు అంతకు ముందు ఏడాది కంటే నయం.

ఎడమచేతివాటం:
ఇక్కడ ఇప్పటిదాకా అంతా మగవాళ్ల టూర్ల గురించే నడిచింది, నేను మహిళల టూర్‌లో ఆరేళ్లుగా ఆడుతున్నాను, నాదీ చెప్తాను. మా దగ్గర దూరాలు అవే, విమానాలు అవే, బ్యాగు బరువు అదే, కుండ మాత్రం చిన్నది. ఇప్పుడు మెరుగుపడింది, 2024 యూఎస్ విమెన్స్ ఓపెన్ మొత్తం 1.2 కోట్ల డాలర్లు, అదే ఏడాది మగవాళ్ల యూఎస్ ఓపెన్ 2.15 కోట్లు. అది అన్నిటికంటే పెద్ద టోర్నీ మాట. మామూలు వారాల్లో, అందులోనూ కింది టూర్లలో, క్యాడీని పెట్టుకునే స్తోమత లేక బ్యాగు నేనే తోసుకుంటూ ఆడిన రౌండ్లు లెక్కలేనన్ని. 72 హోల్స్ తోసుకుంటూ నడిచాక ఆదివారం చివరి మూడు హోల్స్‌లో కాళ్లు ఎలా ఉంటాయో క్యాడీ ఉన్నవాడికి తెలియదు.

పిల్లలు కావాలనుకునేవాళ్లకు ఇంకో లెక్క. మహిళల పెద్ద టూర్ ఎల్‌పీజీఏలో 1993 నుంచి టోర్నీలతో పాటే తిరిగే పిల్లల సంరక్షణ కేంద్రం ఉంది, అమ్మ ఆడుతున్నంతసేపూ పిల్లల్ని అక్కడ చూసుకుంటారు. ఆ ఒక్కదాని వల్ల ఆట నిలబడిన తల్లులు ఉన్నారు. కింది టూర్లలో అది ఉండదు. లొరేనా ఓచోవా 2010లో ప్రపంచ నంబర్ వన్‌గా ఉండగానే 28 ఏళ్లకు ఆట వదిలింది. చాలామందికి అది అర్థం కాలేదు, నాకు మాత్రం వెంటనే అర్థమైంది. బాగా ఆడుతున్నంత మాత్రాన ఆడుతూనే ఉండాలనేం లేదు.

కానీ నేను వదలను, ఇంకా కాదు. అదితి అశోక్ టోక్యో ఒలింపిక్స్‌లో చివరి రోజు చివరి హోల్ దాకా పతకం పోటీలో ఉండి నాలుగో స్థానంలో ముగించింది చూశారుగా. ఆమె ఆ వారం కొట్టిన డ్రైవ్‌లు తోటివాళ్ల కంటే చాలా వెనక పడేవి, అయినా పటర్‌తో నిలబడింది. నేనూ దూరం కొట్టే మనిషిని కాదు. ఆ నాలుగు రోజులు నాకు ఇప్పటికీ పనికొస్తున్నాయి.

లెక్కలకాగితం:
కొత్తబంతికి ఇంకో విషయం, దారి ఇరుకవుతోంది. పీజీఏ టూర్‌లో ఏళ్ల తరబడి టాప్ 125 మందికి పూర్తి కార్డు నిలిచేది, 2025 సీజన్ ముగింపు నుంచి అది 100కు తగ్గింది. దాని కింది మెట్టు కార్న్ ఫెర్రీ టూర్ నుంచి పైకి వచ్చేవాళ్లు 30 నుంచి 20 అయ్యారు. క్యూ స్కూల్ నుంచి నేరుగా పెద్ద టూర్‌కు ఐదుగురే.

2024 చివరి టోర్నీలో జోయెల్ డామెన్ ఏం చేశాడో గుర్తు చేసుకోండి. శుక్రవారం చివరి హోల్‌లో ఐదడుగుల పుట్ వేసి కట్ దాటాడు, ఆదివారం 64 కొట్టి సీజన్ పట్టికలో 124వ స్థానంలో కార్డు నిలబెట్టుకున్నాడు. అదే ఆట, అదే స్థానం ఒక ఏడాది తర్వాత అయితే సరిపోదు. మరోవైపు 2022-23 నుంచి పూర్తి కార్డు ఉన్నవాళ్లకు ఏడాదికి కనీసం 5 లక్షల డాలర్లు వచ్చేలా హామీ పెట్టారు, తగినన్ని టోర్నీలు ఆడితే. అంటే గీతకు పైన ఉన్నవాడికి నేల గట్టిపడింది, గీతకు కింద ఉన్నవాడికి మెట్టు ఇంకా ఎత్తయింది.

పాతఐరన్:
ఈ విషయంలో నేను మీతో ఏకీభవించను. సీట్లు తగ్గించడం తప్పని నేను అనను. 156 మంది ఫీల్డులో శుక్రవారం చీకటి పడేదాకా రౌండ్ పూర్తి కాక, శనివారం పొద్దున్నే లేచి రెండు హోల్స్ ఆడి కట్ పోయి ఇంటికి వెళ్లినవాణ్ని నేను. కార్డు చేతిలో ఉండి టోర్నీలోకి రాలేక ఆల్టర్నేట్‌గా, అంటే ఎవరైనా తప్పుకుంటే పిలుస్తారని, పార్కింగ్‌లో కూర్చోవడం కంటే, తక్కువ కార్డులు ఇచ్చి ఇచ్చినవాళ్లను నిజంగా ఆడనివ్వడం మేలు.

ఎడమచేతివాటం:
అన్నా, అది లోపలికి వెళ్లినవాళ్ల మాట. బయట ఉన్నవాడికి ఆ పార్కింగ్‌లో కూర్చోవడమే ఆశ. నేను మూడుసార్లు అలా కూర్చున్నాను, ఒకసారి ఎవరికో నడుము పట్టేసి తప్పుకుంటే ఇరవై నిమిషాల ముందు పిలిచారు, పరుగెత్తుకుంటూ వెళ్లి ఆడాను, ఆ వారం తొమ్మిదో స్థానం. ఆ డబ్బుతో సీజన్ మొత్తం గడిచింది. ఆ సీటు లేకపోతే ఇవాళ ఇక్కడ మాట్లాడేదాన్ని కాదు.

పాతఐరన్:
ఆ మాట నిజం. దాన్ని కాదనలేను.

రాత్రిరూమ్:
ఇప్పటిదాకా చదువుతూ ఉన్నాను, ఇప్పుడు రాస్తున్నాను. డబ్బు, కార్డు, కట్ అన్నీ మాట్లాడారు, హోటల్ గది గురించి ఎవరూ మాట్లాడలేదు. నేను ఆడేటప్పుడు సాయంత్రం ఆరు నుంచి పడుకునేదాకా ఉండే ఆ నాలుగు గంటలే నన్ను తిన్నాయి. టీమ్ లేదు, డ్రెస్సింగ్ రూమ్ లేదు. డిన్నర్‌కు తోడు వచ్చేవాడు రేపు పొద్దున నా స్థానం కోసమే ఆడతాడు. మొదట్లో నిద్ర కోసం ఒక గ్లాసు, తర్వాత రెండు, తర్వాత లెక్క లేదు. రెండేళ్లు ఎవరికీ తెలియకుండా ఆడాను. స్కోర్లు పెద్దగా పడిపోలేదు కూడా, అందుకే ఎవరూ అడగలేదు.

గ్రేసన్ మరే 2024 జనవరిలో సోనీ ఓపెన్ గెలిచినప్పుడు తన తాగుడు గురించి, డిప్రెషన్ గురించి మైకు ముందు దాచకుండా మాట్లాడాడు. తాగుడు మానేసి నెలలు అయిందని చెప్పాడు. ఆ రోజు నేను చాలా సంతోషించాను, నా తమ్ముడే గెలిచినట్టు. మే నెలలో 30 ఏళ్ల వయసులో తన ప్రాణం తనే తీసుకున్నాడని తల్లిదండ్రులు చెప్పారు. గెలుపు మందు కాదని నాకు అప్పుడు ఎముకల్లోకి దిగింది. స్కాటీ షెఫ్లర్ కూడా 2025 ఓపెన్ ముందు ఇలాంటి మాటే చెప్పాడు, గెలిచిన ఆనందం కొన్ని నిమిషాలే ఉంటుందని, ఇది మనసు లోతుల్ని నింపే పని కాదని. ఆ వారమే నాలుగు షాట్లతో గెలిచాడు. చుట్టూ భార్య, కొడుకు ఉన్న ప్రపంచ నంబర్ వన్‌కే అలా ఉంటే, గదిలో ఒక్కడే ఉన్నవాడి సంగతి ఆలోచించండి.

ఒక్కషాట్, ఆడు, మానెయ్, ఏదైనా చెయ్. కానీ శుక్రవారం రాత్రి ఒక్కడివే గదిలో ఉండకు. ఎవరికైనా ఫోన్ చెయ్. నిద్ర పట్టకపోవడం, ఏదీ రుచించకపోవడం రెండు వారాలు దాటితే డాక్టర్ దగ్గరకు వెళ్లు, మోచెయ్యి నొప్పికి ఫిజియో దగ్గరకు వెళ్లినట్టే.

శుక్రవారంఫోన్:
రాత్రిరూమ్ గారూ, ఇది రాయడానికి ఎంత కష్టపడి ఉంటారో. ఇప్పుడు ఎలా ఉన్నారు?

రాత్రిరూమ్:
బాగున్నానమ్మా. తాగుడు మానేసి నాలుగేళ్లు దాటింది. పిల్లలకు ఆట నేర్పుతున్నాను, సాయంత్రాలు మనుషుల మధ్యే గడుస్తున్నాయి.

కొత్తబంతి:
అందరికీ ఒక ప్రశ్న. యిప్స్, అంటే పుట్ కొట్టేటప్పుడు చెయ్యి తనంతట తాను అదిరే ఇబ్బంది, నిజంగా వస్తే బయటపడొచ్చా? నాకు రెండు నెలలుగా మూడడుగుల పుట్ మీద కుడి చెయ్యి ఒక్కసారిగా కొట్టుకుంటోంది. ఎవరికీ చెప్పలేదు, ఇదే మొదటిసారి.

పాతఐరన్:
చెప్పడం మంచి పని చేశావు. బెర్న్‌హార్డ్ లాంగర్‌కు ఒకసారి కాదు, చాలాసార్లు వచ్చింది, ప్రతిసారీ పట్టు మార్చుకుని బయటపడ్డాడు, ఆ మధ్యలో 1985లో, 1993లో రెండు మాస్టర్స్ గెలిచాడు. గ్రిప్ మార్చి చూడు, ఎడమ చెయ్యి కిందకు, లేదా కుడి చేతి వేళ్లు పెన్సిల్ పట్టుకున్నట్టు. కప్పు లేకుండా ఉత్తినే పుట్ కొడుతూ ఉండు కొన్నాళ్లు. లోపల దాచుకుంటే పెరుగుతుంది అది. నీ కోచ్‌కు రేపే చెప్పు.

బ్యాగ్‌మోసినవాడు:
ఒక్కషాట్ ఎక్కడ? ఆరు ఇచ్చేసిన షాట్లలో నాలుగు వెడ్జ్ అన్నావు కదా, అది చాలా మంచి వార్త, నువ్వు గమనించావో లేదో. డ్రైవర్ రోగమైతే నెలలు పడుతుంది. వెడ్జ్ దూరాలు మూడు వారాల పని. ఏ వెడ్జ్‌తో, చెయ్యి ఎంత ఎత్తితే ఎన్ని గజాలో కాగితం మీద రాసుకున్నావా, లేక అంచనాతో కొడుతున్నావా?

ఒక్కషాట్:
అంచనాతోనే అన్నా. రెండేళ్ల క్రితం రాసుకున్న కాగితం ఉంది, వెడ్జ్‌లు మార్చాక మళ్లీ కొలవలేదు. ఇది రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది.

మూడు రోజులుగా మీ మాటలన్నీ మళ్లీ మళ్లీ చదివాను. ముందుగా అక్కా, ఆ రాత్రే ఇంటికి ఫోన్ చేశాను. రెండు గంటలు మాట్లాడుకున్నాం. నా పుట్ లైవ్ స్కోర్‌లో బోగీగా, అంటే ఒక షాట్ నష్టంగా, మారిన నిమిషం తను కూడా చూస్తూనే ఉందట. నేను ఫోన్ చేయనందుకు కోపం వచ్చిందని మొదటిసారి చెప్పింది, ఏడేళ్లలో మొదటిసారి. లెక్కలకాగితం గారూ, మీరన్న కాగితం కూడా ఇద్దరం కూర్చుని వేశాం. అప్పు చేయకుండా ఎనిమిది నెలలు, క్యూ స్కూల్ ఫీజు కలిపితే ఆరు. ఆరు నెలలు ఆడతాను, ఆ తర్వాత అప్పు చేసి ఆడను, అది ఇద్దరి నిర్ణయం.

పాతఐరన్ అన్నా, మీరు చెప్పిన వర్షం సంగతి నన్ను నేను అడిగి చూసుకున్నాను. పోయిన నెల పిడుగుల వల్ల మూడు గంటలు ఆట ఆగింది. నేను ఆ మూడు గంటలూ గ్లవ్ తీయలేదు. అది మీకు చెప్పాలనిపించింది.

వచ్చే మూడు వారాలు ఏ టోర్నీ లేదు, ఎంట్రీలు వెనక్కి తీసుకున్నాను. ఇంటి దగ్గరే వెడ్జ్ పని. పొద్దున రేంజ్, మధ్యాహ్నం నుంచి పాపతో. తర్వాత క్యూ స్కూల్ మొదటి దశ. ఈసారి కూడా క్యాడీ లేకుండానే వెళ్దామనుకుంటున్నాను, ఖర్చు కోసం.

బ్యాగ్‌మోసినవాడు:
క్యాడీ లేకుండా ఎందుకు వెళ్తావు? సీజన్ మొత్తం మోయలేను కానీ నాలుగు రౌండ్లు నా మోకాలు ఓర్చుకుంటుంది, పట్టీ వేసుకుంటాను. వారం జీతం వద్దు, దాటితే అప్పుడు చూద్దాం. వెడ్జ్‌లు కొలిచిన కాగితం మాత్రం నాకు ముందే పంపు, ఒక్కో క్లబ్‌కు మూడు స్వింగులు, గాలి లేని పూట, ఒక్కో స్వింగుకు పది బంతులు, ఎక్కువ దూరం పోయినదీ తక్కువ దూరం పడినదీ తీసేసి సగటు రాయి. ప్రాక్టీసు రౌండుకు పొద్దున్నే ఏడింటికి మొదటి టీ దగ్గర ఉంటాను.

ఒక్కషాట్:
అన్నా, ఏం రాయాలో తెలియడం లేదు. కాగితం ఆదివారానికి పంపుతాను.

శుక్రవారంఫోన్:
రెండో రౌండ్ అయ్యాక ఫోన్ ఎవరికి చేయాలో గుర్తుందిగా బాబూ, స్కోరు ఏదైనా సరే.

ఒక్కషాట్:
గుర్తుంది అక్కా. ముందు తనకు, తర్వాత ఇక్కడ.